తూకానికి రానిది

అక్టోబరు. తెల్లారకముందే
లారీల బారు హైవే దాకా సాగుతుంది.
ప్లాట్ నదికి ఇవతల, నెబ్రాస్కాలో,
ఇథనాల్ ఫ్యాక్టరీ గేటు పక్కన తూకం గది నాది.
పంతొమ్మిదేళ్లుగా ఇదే స్టూలు, ఇదే కిటికీ.
నిండుగా వచ్చినప్పుడు ఒకసారి తూస్తాను
ఖాళీగా పోయేటప్పుడు ఒకసారి.
మధ్య తేడా పేరు మొక్కజొన్న.

వెండెల్ క్రూట్కా రసీదు అందుకుంటూ
ఏటా అదే మాట అంటాడు:
"ఎండను తూచి డబ్బులిచ్చే ఉద్యోగం నీది, ఆర్డిస్."
నవ్వి, చలికి కిటికీ జరిపేస్తాను.

ఎండ ఒక్కటే అయితే ఎంత బాగుండేది.

మొన్న జనవరిలో ఎక్కడో ఉత్తరాన
గ్యాస్ పైపు పగిలింది.
మూడు రోజులు బాయిలర్లు చల్లబడ్డాయి.
పులిసిన జొన్న జావ తొట్లలోనే ఉండిపోయింది,
ఊరంతా కమ్ముకునే ఆ రొట్టె వాసన లేదు.
లారీలు ముక్కులు గేటుకానించి నిలబడ్డాయి.

కొత్తగా చేరిన కుర్రాడు, టెవిన్, అడిగాడు:
"వెనక ట్యాంకుల నిండా ఇంధనమే కదా,
దాన్నే మండించుకోవచ్చుగా?"
అందరం పగలబడి నవ్వాం.
మేనేజరు కూడా నవ్వాడు:
"దాంతో దాన్నే వండితే
ఇక అమ్ముకోడానికేం మిగుల్తుంది బాబూ."
ఆ తర్వాత ఎవరమూ నవ్వలేదు.
కాఫీ మెషిన్ ఒక్కటే గురగురలాడింది.

ఆ రాత్రి రసీదు వెనక పెన్సిలుతో వేశాను లెక్క.
యూరియా: అదీ గ్యాసే, తెల్లటి గుళికల వేషంలో.
బోరు మోటారు తాగిన డీజిలు.
తడి గింజ ఆరబెట్టిన ప్రొపేను.
వెండెల్ లారీ, పోనూ రానూ.
చివర మా బాయిలరు. అన్నిటికంటే పెద్ద నోరు దానిదే.
వంద పెడితే నూట ముప్పై వచ్చింది,
అదీ పిప్పి తినే పశువుల్ని
మన వైపు కూర్చోబెట్టుకుంటేనే.
వాటిని లేపేస్తే
గానుగెద్దు నడిచిన దూరమే మిగిలింది.

డాలర్ల లెక్క వేరే కాగితం మీద వేశాను.
అందులో వెండెల్ కొట్టానికి కొత్త రేకులున్నాయి,
మూతపడబోయిన బడి ఉంది,
ఎకరం ధర రెట్టింపై
పొలం దొరక్క ఒమాహా వెళ్లిపోయిన హోలుబ్ పిల్లలున్నారు.
నేనూ ఉన్నాను. నాకు మూడు వాటాలున్నాయి ఇందులో.
నా మోకాలు బాగుచేయించింది ఈ ఆవిరే.
రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను.
ఒకదాని భాష ఇంకోదానికి రాదు.

మా తాత ఓటకార్‌కి రెండు పెర్షెరాన్ గుర్రాలుండేవి.
ముప్పై ఎకరాల ఓట్స్ వాటి పొట్టకే.
నాయనమ్మ సణిగేది:
"దున్నేది మనకా, గుర్రాలకా?"
తప్పేం కాదు ఆ ప్రశ్న.
కాకపోతే ఆ గుర్రాలు లద్దె వేసేవి,
మూడేళ్లకోసారి ఒక పిల్లనిచ్చేవి.
ట్రాక్టరు ఈనదు.

నాలుగో రోజు పొద్దున గ్యాస్ వచ్చింది.
పొగగొట్టం మీద తెల్లటి ఆవిరి లేచింది,
ఊరు ముక్కు ఎగబీల్చి ఊపిరి పీల్చుకుంది.
నేనూ సంతోషించాను, అబద్ధం ఎందుకు.
వెండెల్ లారీ మొదటిది. ఇరవై ఆరు టన్నులు.
"ఎండ ఎట్లా ఉంది ఆర్డిస్?" అన్నాడు.
రసీదు చేతికిస్తూ తిప్పి చూశాను,
వెనకేమైనా రాసి ఉందేమోనని.
ఖాళీగానే ఉంది.

నా తూకం బల్లకు ఆరడుగుల దూరంలో
పసుపు రంగు ప్లాస్టిక్ గుంజ ఒకటి పాతి ఉంటుంది.
కింద నుంచే పోతుంది పైపు.
అటువైపు ఏ ముల్లూ కదలదు.
గుంజ మీద నల్లటి అక్షరాలు:
ఇక్కడ తవ్వకండి.